కూనిరాగాన్ని మింగేసిన చిప్పు

చిప్పులు డిజైను చేసే ఆ ఆఫీసులో ఆవిణ్ణి అందరూ తల్లికోడి అంటారు. వెక్కిరింపు కాదు లెండి, ఆవిడ పని తీరే అంత. మిగతావాళ్ళు చిప్పులో ప్రతి ముక్కా విడివిడిగా రాసుకుంటూ కూర్చుంటే, ఈవిడ ముందు అన్నిటికీ మూలమైన ఒక తల్లి బ్లాకు రాస్తుంది. దాని గుణాలన్నీ పుణికిపుచ్చుకుని పిల్ల బ్లాకులు పుడతాయి. "సాఫ్ట్‌వేర్ వాళ్ళ వేషాలు హార్డ్‌వేర్‌లో ఎందుకమ్మా?" అని మేనేజరు గొణుగుతూనే ఉంటాడు.

ఈ విద్య నేర్పింది కాలేజీ కాదు, వాళ్ళమ్మ. దర్జీ పని ఆవిడది. ఒక్క అట్ట నమూనా పెట్టుకుని బడిపిల్లల చొక్కాలు వందలకొద్దీ కత్తిరించేది, కూనిరాగం తీస్తూ. అది వింటూ ఈ పిల్ల బట్టల మూట మీద నిద్రపోయేది. అంత హాయి నిద్ర మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

అమ్మకి చెవులు మందగించి ఆరేళ్ళు. కూనిరాగం ఎప్పుడు మానేసిందో ఇంట్లో ఎవరికీ తెలీదు. అందుకే ఇప్పుడు చేస్తున్న వినికిడి యంత్రం చిప్పంటే తల్లికోడికి అంత పట్టుదల. డిజైను రేపు పొద్దున్న ఫ్యాక్టరీకి వెళ్ళిపోతుంది, వెళ్ళాక మార్చడమంటూ ఉండదు. ఇవాళ మధ్యాహ్నం అమ్మని ల్యాబుకి తీసుకొచ్చి, ఆ డిజైను ఎక్కించిన పరీక్ష బోర్డుకి తగిలించిన ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టింది.

"నీ గొంతు గణగణా మోగుతోందే!" అమ్మ మొహం వెలిగిపోయింది. తర్వాత మెల్లగా రాగం తీసింది. తీసి, ఆగిపోయింది. "ఇది మాత్రం వినబడట్లేదు. పోనీలే, మాట వినబడుతోంది, చాలు."

చాలట! తల్లికోడి కంప్యూటరు ముందుకి జరిగింది. వెతికితే తప్పు తనదే. ఒకేలా సాగే చప్పుడేదైనా ఫ్యాను మోత అనుకుని మింగెయ్యమని తల్లి బ్లాకులో తనే రాసింది. ఒక్కో స్థాయి శబ్దం వినే పదహారు పిల్ల బ్లాకులూ బుద్ధిగా ఆ గుణం తెచ్చుకున్నాయి.

"ఏమైందే?"

"అట్టలో మెడ తప్పుగా కత్తిరించానమ్మా."

"అయ్యో, చొక్కాలన్నీ పోయాయా?"

"లేదు. ఇక్కడ అట్ట దిద్దితే చొక్కాలు వాటంతటవే దిద్దుకుంటాయి."

"అదృష్టవంతురాలివి! నేనోసారి నలభై మెడలు విప్పి కుట్టాను."

ఆ గుణాన్ని తల్లిలోంచి తీసేసి, ఫ్యాను మోత స్థాయి వినే ఒక్క పిల్లకే అప్పగించింది. ఆ మార్పు బోర్డులోకి ఎక్కేసరికి పది నిమిషాలు పట్టింది. కిటికీ ఎండ బల్ల మీద మెల్లగా జరుగుతోంది.

అమ్మ మళ్ళీ రాగం తీసింది. ఈసారి ఆగలేదు. కూతురు బల్ల మీద తల వాల్చి కళ్ళు మూసుకుంది, గదంతా కొత్తబట్ట వాసన వేసినట్టయింది. ఉన్నట్టుండి రాగం తెగింది.

"ఒసేయ్, ఇంత అపశ్రుతిగా పాడేదాన్నా? ఇన్నేళ్ళూ ఒక్కరూ చెప్పలేదేం?"

"ఆపకమ్మా," అంది కూతురు, తల ఎత్తకుండానే. "నాకింకా నిద్ర పట్టలేదు."