హెల్మెట్ లేని రేసర్

పంజాగుట్ట మెట్రో స్టేషన్లో ఎస్కలేటరు మళ్లీ విశ్రాంతి తీసుకుంటోంది. వయసులో నాకంటే ఎంతో చిన్నది, రిటైరవడంలో మాత్రం నన్ను మించింది. మోకాళ్లకు ఇచ్చిన మాట ప్రకారం మెట్ల మధ్యలో ఆగితే, ఎదురుగా గోడమీద ఒక పోస్టరు కనిపించింది; మోటారు రేసుల బొమ్మల ప్రదర్శనట. ఎర్ర కారు, అందులో హెల్మెట్ లేని డ్రైవరు, మెలితిప్పిన మీసం, బంపరు కింద నిమ్మకాయా మిరపకాయలూ. అంతా కంప్యూటరు మీద, చేత్తో వేసినట్టు కనబడేలా వేసింది. పైన రైలు వచ్చిపోయిన చప్పుడు వినిపించినా నేను కదల్లేదు.

మీలో ఆ రోజుల్లో అమీర్‌పేటలో తిరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, కోచింగు సెంటర్ల బోర్డులు సైతం చేత్తోనే రాసేవారు. సినిమా హోర్డింగులు వేసివేసి చెయ్యి తిరిగిన మా మేనమామకు అక్కడొక సందులో పెయింటింగు షాపు ఉండేది, బొమ్మల కాలేజీలో డిగ్రీ పుచ్చుకున్న నేను ఆయన దగ్గరే చేరాను. కొన్నాళ్లకు పక్క సందులోకి ఫ్లెక్సీ మిషను వచ్చింది, మా బ్రష్షులు కిరసనాయిల్లో నానడం తప్ప మరో పని మరిచిపోయాయి. చివరికి మిగిలింది ఒక్క బేరం. శ్రీనగర్ కాలనీలోని కార్ల రేసు క్లబ్బువాళ్లు పంజాగుట్ట చౌరస్తాలో నిలబెట్టడానికి పెద్ద బోర్డు అడిగారు. నచ్చితే ఇకమీదట వాళ్ల బోర్డులన్నీ మావే. నచ్చకపోతే షట్టరు దించేస్తానని మామ అత్తతో చెప్పడం నేను విన్నాను.

మామ జన్మలో రేసు చూడలేదు. హోర్డింగు వేసేవాళ్లకు ఒకటే శాస్త్రం, హీరో మొహం కనబడాలి. "మొఖం కానరాకుంటే బండిల ఎవడున్నట్టు రా?" అని హెల్మెట్ ఊసు ఎత్తనివ్వలేదు. మీసం పెట్టాడు. కొత్త బండి కదా అని దిష్టికి నిమ్మకాయ కట్టాడు. చక్రాల్లో ప్రతి నట్టూ విడివిడిగా దిద్దాడు. మొత్తానికి కారు గంటకు సున్నా కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతోంది.

బోర్డు చూసి నేను లెక్క వేసుకున్నాను: క్లబ్బువాళ్లు నవ్వుతారు, షట్టరు దిగుతుంది, అంతే. మామ అన్నానికి ఇంటికెళ్లిన రెండు గంటల్లో, చదువుకున్నవాణ్ని కనుక, మొహం మీద తెల్ల హెల్మెట్ వేసేశాను, ఇంకా ఆరని రంగు మీద గుడ్డ లాగి చక్రాలను తిప్పేశాను, నిమ్మకాయను మాయం చేశాను. విదేశీ పత్రికల్లో రేసు పోస్టర్లు ఎలా ఉండేవో అచ్చం అలాగే. తిరిగొచ్చిన మామ బోర్డు చూసి బ్రష్షులు కడుక్కున్నాడు.

క్లబ్బు పెద్దమనిషి మస్తు సంబరపడ్డాడు. "ప్రింటు కొట్టినట్టే ఉంది భాయ్" అన్నాడు. ఆ తర్వాతి బోర్డు నుంచి ప్రింటే కొట్టించుకున్నాడు. ఆయన్ను అనడానికేం లేదు, దారి చూపించింది నేనే.

ఇప్పుడు చేతిపని మీద ఊరికి ముచ్చట పుట్టింది, ఆ వంకర మీసాన్నే మౌసు పట్టుకుని దిద్దుకుంటున్నారు. వేసే చెయ్యి మాత్రం లేదు. షట్టరు దించిన రోజు మామ తాళం నా చేతిలో పెట్టి, నా వైపు చూడకుండానే అన్నాడు:

"మన దగ్గర ఉన్నదే గా మొఖం, అల్లుడా. నువ్వు గదే తుడిచినవ్."