నీళ్లు కారని చోటు

అది 2022 ఎండాకాలం. స్టేషన్ ఘన్‌పూర్‌లో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని ఫైబర్ పని మొదలుపెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. పగిలిన నీళ్ల ట్యాంకులు, కార్ల బంపర్లు, కూలర్ డబ్బాలు, బాత్‌రూం తలుపులు నా దగ్గరికి వచ్చేవి. పడవ మాత్రం ఎప్పుడూ రాలేదు. మా వైపు రిజర్వాయర్లు నిండాకే చేపలు పట్టేవాళ్లు ఫైబర్ పడవలు కొనడం మొదలుపెట్టారు. అవి కూడా సముద్రం వైపు నుంచి లారీల మీద వచ్చే పాతవే.

ఒకరోజు పొద్దున సుజాత అనే ఆమె షెడ్డుకు వచ్చింది. రిజర్వాయర్ పక్క ఊరు. చేపలు అమ్ముకుంటుంది.

"అన్నా, పడవ బాగుచేస్తవా? మా ఇంటికాడ్నే చెయ్యాలె. గంత పెద్దది ఈడికి తేలేం."

"ఎన్నేండ్ల సంది పడున్నది?"

"మూడేండ్లాయె. మా ఆయన పోయిన కాడికెల్లి."

ఆమే చెప్పింది. ఆమె భర్త రమేశ్, అతని అన్న కొమురయ్య కలిసి వేటకు పోయేవాళ్లు. ఒకనాడు గాలిదుమారం లేస్తుందని ఒడ్డుకు తిరిగి వస్తుంటే, నీళ్లలో మునిగి ఉన్న చెట్టు మొద్దుకు పడవ ముక్కు తగిలింది. కాసేపటికే లోపల నీళ్లు నిండి పడవ బోల్తా పడింది. కొమురయ్య ఈదుకుంటూ ఒడ్డుకు చేరాడు. రమేశ్ వలలో చిక్కుకుపోయాడు.

ఆ రోజు పడవ నడిపింది కొమురయ్య. అప్పటి నుంచి ఆయన పడవ ముట్టలేదు. థర్మాకోల్ షీట్లను తాళ్లతో కట్టిన తెప్ప మీద కూర్చుని, ఒక్కడే వేటకు పోతున్నాడు. గాలి లేచిందంటే అలాంటి తెప్ప ఎటు కొట్టుకుపోతుందో ఎవరూ చెప్పలేరు.

"వద్దంటే ఇనడన్నా. సావనీకే పోతున్నట్టు పోతడు. పడవ బాగుచేపిద్దమని నేను, మా అక్క మాట్లాడుకున్నం. ఇంట్ల ఒక్క మనిషి పోయింది సాలు." అక్క అంటే తోటికోడలు, కొమురయ్య భార్య.

రెండిళ్లకూ కలిపి ఒకటే వాకిలి. ఓ మూల పడవ బోర్లా పడి ఉంది. దాని కిందికి కోళ్లు దూరుతున్నాయి. కొమురయ్య అరుగు మీద వల అల్లుకుంటూ నన్ను చూసి తల దించుకున్నాడు. ఆయన సుజాతతో మాట్లాడడని మొదటిరోజే తెలిసింది. ఆమె నీళ్లు తెచ్చిపెడితే తాగుతాడు గాని ముఖం వైపు చూడడు.

పడవ ముక్కు దగ్గర జానెడు పగులు ఉంది. నేను గ్రైండర్ తీసేసరికి కొమురయ్య లేచి వచ్చాడు.

"గాడనే. గా దెబ్బతోనే నీళ్లొచ్చినయ్," అని పగులు చూపించి, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు.

పగులు చుట్టూ అరగదీశాను. ఫైబర్ పడవకు పైన కనిపించే నున్నటి రంగు పొరను జెల్‌కోట్ అంటారు. దాని కింద గాజు నారతో చేసిన మ్యాట్‌ను రెజిన్ అనే జిగురుతో తడిపి, పొర మీద పొర వేస్తారు. బలమంతా ఆ పొరల్లోనే ఉంటుంది. చిత్రంగా ఆ పగులు జెల్‌కోట్ దాటి ఎంతో లోపలికి పోలేదు. కింది పొరలు గట్టిగానే ఉన్నాయి. ఇంత చిన్న దెబ్బకు నీళ్లెట్లా వచ్చాయని అనుమానం వచ్చింది.

ట్యాంకులకు నేను ఒక పరీక్ష చేస్తాను. నిండా నీళ్లు పట్టి, ఎక్కడ కారుతుందో చూస్తాను. వాడకట్టువాళ్లను నలుగురిని పిలిచి పడవను తిప్పి, పాత లారీ టైర్ల మీద నిలిపి, పైపు పెట్టాను. నీళ్లు సగానికి, పగులు కన్నా పైకి వచ్చాయి. ముక్కు దగ్గర చుక్క కూడా కారలేదు. వెనక మోటారు బిగించే పలక కింది మూలలో మాత్రం ధారగా పడసాగింది. ఆ పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాలను ఎవరో సరిగా మూయలేదు. వాటిలోంచి నీరు పోయి పోయి చెక్క పుచ్చి, అతుకు విడిపోయింది.

కొమురయ్య ఎప్పుడు వచ్చాడో చూసుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని ముక్కు కింద అరచేత్తో తడుముతున్నాడు. చేయి తీసి చూసుకున్నాడు. మళ్లీ తడిమాడు.

"పొడిగున్నదేందే?"

"ముందట గట్టిగనే ఉన్నదన్నా. నీళ్లు ఎనుకకెల్లి వస్తున్నయ్."

"అంటే గా మొద్దు తాకినందుకు కాదా?"

కాదని చెప్పేస్తే ఆయనకు ఎంత ఊరటో నాకు తెలుసు. కానీ ఆ రోజు పడవలో నేను లేను. మూడేళ్ల ఎండకు అతుకు ఇంకాస్త విడిపోయి ఉండొచ్చు.

"గా దినం ఏమైందో నేను చెప్పలేనన్నా. దెబ్బ తాకిన కాడ మాత్రం నీళ్లు లోపటికి రాలే. ఎనుక చెక్క పుచ్చింది నిన్న మొన్న కాదు, ఎన్నో ఏండ్ల సంది."

ఆయన పడవ వెనక్కి చూశాడు. "ఎనుక కూసున్నది నేనే గదా. కాళ్ల కాడ నీళ్లొస్తుంటే నాకెట్ల కానరాలే?"

ఒక తప్పు దించితే ఇంకో తప్పు ఎత్తుకున్నాడు. అప్పటిదాకా గడపలో నిలబడి వింటున్న సుజాత దిగి వచ్చింది.

"ఆడ వల కుప్ప పోసి ఉంటది, బావా. దాని కింద నీళ్లొస్తే ఎవలకు కనవడ్తది?"

ఆయన తలెత్తలేదు.

"మొద్దు తాకిందనో, నువ్వు నడిపినవనో నీ మీద నాకెన్నడూ కోపం రాలే. మూడేండ్ల సంది నాతోని ఒక్క మాట మాట్లాడవు సూడు, గందుకే కోపం. ఆయన పోయిండు. నువ్వు ఉండి గూడ లేనట్టే అయితివి."

కొమురయ్య తడి నేల మీదే కూలబడి ఏడ్చాడు. పెద్ద మనిషి అలా ఏడుస్తుంటే ఎటు చూడాలో తెలియక వెళ్లి పైపు కట్టేశాను. కాసేపటికి ఆయన గొంతు వినిపించింది. "సుజాతా, జర మంచినీళ్లియ్యి." ఆమె పరుగున లోపలికి పోయింది.

మర్నాటి నుంచి కొమురయ్య నాతో పాటు పనిలోకి దిగాడు. పుచ్చిన చెక్కంతా తవ్వి తీశాం. పడవను బాగా ఎండనిచ్చి కొత్త ప్లైవుడ్ పెట్టాం. ఎండాకాలం రెజిన్ త్వరగా గట్టిపడుతుంది కాబట్టి పొద్దెక్కకముందే మ్యాట్ వేసేవాళ్లం. రోలర్‌తో లోపలి గాలి బుడగలు తీసే పని ఆయనే చేశాడు. ఒక్క బుడగ కనిపించినా ఊరుకునేవాడు కాదు. గాజు దుమ్ముకు చేతుల మీద దద్దుర్లు తేలినా మానలేదు. పడవ నిండా నీళ్లు వచ్చినా మునగకుండా బల్లల కింద ఫోమ్ నింపి మూసేశాను.

నీళ్లలోకి దించిన రోజు ఒడ్డు దగ్గరే కావాలని పడవ నిండా నీళ్లు పోశాం. అంచులు నీటి మట్టానికి వచ్చాయి గాని పడవ తేలుతూనే ఉంది. తోడేశాక కొమురయ్య ఎక్కి కూర్చున్నాడు. మోటారు ఇంకా బిగించలేదు. తెడ్డు పట్టుకున్నాడు గాని కదలడం లేదు. అది చూసి సుజాత చీర కుచ్చిళ్లు దోపుకుని, నీళ్లలోకి నడిచి పడవెక్కింది.

"నడువు బావా."

ఇద్దరూ నీళ్ల మీద చిన్న చుట్టు తిరిగి వచ్చారు. ఒడ్డున తోటికోడలు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నిలబడింది.

ఆ పని తర్వాత నా పద్ధతి మారింది. ఏ వస్తువు తెచ్చినా, ఎక్కడ పగిలిందో తెచ్చినవాళ్లు చెప్పింది వింటాను. కానీ ఆ మాట మీదే పని మొదలుపెట్టను, నా కళ్లతో చూసుకుంటాను. చూసినదాన్ని వాళ్లను పక్కన నిలబెట్టుకుని చూపిస్తాను. వాళ్ల మనసు కోసం ఒక మాట ఎక్కువ చెప్పను, తక్కువ చెప్పను. కొమురయ్య మూడేళ్లు మోసిన బరువును నా రెజిన్ తీయలేదు, నా మాటా తీయలేదు. తీయగలిగిన మనిషి ఆ వాకిట్లోనే, ఆయన ముఖం ఎత్తే రోజు కోసం ఎదురుచూస్తూ ఉంది.