మాడిన అన్నం సాక్ష్యం

రాజమండ్రి బస్టాండులో కూర్చుని, టీచర్ ట్రైనింగ్ కాలేజీకి పంపాల్సిన వ్యాసం మళ్ళీ రాస్తున్నాను. ఈ చదువు నాకెందుకు కావాలో చెప్పమన్నారు. రాసీ కొట్టేసీ చెయ్యి లాగేస్తోంది. ఒళ్ళో బైబిలు పెట్టుకుని కొంగుతో విసురుకుంటున్న పక్కావిడ, "ఏదీ, చదువమ్మా" అంది.

"చిన్నప్పటి నుంచీ దేశసేవ చేయాలన్నది నా ఆశయం..."

ఆవిడకి ఆవులింత వచ్చింది.

"మా చర్చిలో సాక్ష్యాలూ ఇంతేనమ్మా. అందరూ లేచి పాపినంటారు, ప్రభువు రక్షించాడంటారు. నాకేమో కునుకొచ్చేస్తుంది. ఓసారి ఒకమ్మాయి లేచి, 'మొన్న అన్నం మాడబెట్టి, ఆ కోపం పిల్ల మీద చూపించానండి' అంది. ఆవేళ ఎవరికీ నిద్ర రాలేదు."

ఆశయం కొట్టేశాను. మా ఊరి బడిలో మాస్టారు రాని రోజుల్లో చిన్న క్లాసు నాకు అప్పగించేవారనీ, గొంతు పోయేలా అరిచినా ఒక్క పిల్లాడూ వినేవాడు కాదనీ రాశాను. వినిపిద్దామని తిరిగితే ఆవిడ నిద్రపోతోంది. బస్సొచ్చింది. లేపకుండా ఎక్కేశాను.

ఏళ్ళు గడిచాక, ఇప్పుడు ఆ కాలేజీలోనే పాఠాలు చెబుతూ అలాంటి వ్యాసాల కట్టలు నేను చదువుతాను. అన్నిటా దేశసేవే. ఆవులించి, ఎక్కడైనా మాడు వాసన తగులుతుందేమోనని పేజీ తిప్పుతాను.