నాలుగు వేళ్ల పాదం

దయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. డోర్నకల్‌లో పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఎవరైనా నీడ కనిపించిందంటే, దీపం ఎటువైపుందని అడుగుతాను.

చిన్నప్పుడు కమలక్క దగ్గర డ్యాన్స్ నేర్చుకున్నాను. కొడకండ్ల పొలాల్లో ఆడవాళ్లు చేసే పనుల నుంచే ఆమె కొత్తరకం డ్యాన్సులు కట్టేది. తన పాదం నేలకు ఆనించి, చుట్టూ సుద్దముక్కతో గీసి, మమ్మల్ని అక్కడ అడుగులు వేయమనేది. ఆమె ఎడమ పాదానికి నాలుగే వేళ్లు. చిటికెన వేలు ఎడ్లబండి కింద పోయింది. మాకు వచ్చిందని నమ్మకం కుదిరాకే గీతలు కాలితో తుడిచేసేది.

"కంటికి గాదే, కాలుకు యాదుండాలె" అనేది.

అందుకే ఆమె పోయాక కాగితం ముక్క కూడా మిగల్లేదు. వరినాట్ల మీద ఆమె కట్టిన 'బురద' అనే డ్యాన్స్‌ను మా బడి అమ్మాయిలు ఆరుగురితో మళ్లీ ఆడించాలని పూనుకున్నాను. పాత వీడియో క్యాసెట్‌లో చివరి నాలుగు నిమిషాలు పాడైపోయాయి. భూపాలపల్లిలో ఉండే ఆమె మొదటి శిష్యురాలు సమ్మక్కకు ఫోన్ చేస్తే, "యాదికొస్తలేదు బిడ్డా" అంది. ప్రదర్శన ఆదివారం. ఇక నేనే ఏదో కల్పించి కమలక్క పేరు పెట్టేద్దామనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

శుక్రవారం పొద్దున మేం ప్రాక్టీసు చేసే హాలు తాళం నేనే తీశాను. ఉన్నది ఒకటే తాళంచెవి, అదీ నా దగ్గరే ఉంటుంది. నేలమీద వరసగా సుద్దతో గీసిన పాదాలు. ఎడమ పాదాలన్నిటికీ నాలుగే వేళ్లు.

ఒళ్లు జలదరించింది. అయినా పంతులమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది, కిటికీలు చూశాను. అన్నీ లోపలి గడియలతోనే ఉన్నాయి.

ఆరుగురు అమ్మాయిలనూ ఆ గీతల్లో నడిపించాను. కుదరలేదు. నెల్లికుదురు తండా నుంచి వచ్చే శాంతి పకపకా నవ్వింది.

"టీచర్, నాటేసేటోళ్లు ముందుకు నడుస్తరా? ఎనకకు గదా!"

అందరం నాట్లు వేసే తల్లుల బిడ్డలమే. స్టేజీ ఎక్కగానే ఆ సంగతే మరిచాం. వెనక్కి నడిస్తే ప్రతి అడుగూ అతికింది. మధ్యాహ్నానికి నాలుగు నిమిషాలూ వచ్చేశాయి. అందరం వరండాలో టీ తాగి, ఫొటో తీద్దామని లోపలికి వస్తే గీతల్లేవు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒంటికాలితో తుడిచిన చార మాత్రం ఉంది.

ఆదివారం హాలు కిక్కిరిసింది. అమ్మాయిలు వెనక్కి వెనక్కి నడుస్తుంటే, చూడ్డానికి వచ్చి ముందు వరసలో కూర్చున్న సమ్మక్క లేచి స్టేజీ ఎక్కింది. తిరిగి చూడకుండా వాళ్లతో పాటే అవే అడుగులు వేసింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

"గీ ముక్క మీకెవలు చెప్పిన్రే?" అని తర్వాత అడిగింది. జరిగిందంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"తుడిసిందా మరి?"

"తుడిచిందక్కా."

"అయితే మీకొచ్చినట్టే."

ఆ గీతలు ఎవరు గీశారో నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు. కానీ సమ్మక్క ఆ మాట అన్నప్పుడు భయం వేయలేదు. పరీక్ష పాసైన పిల్లలా ఏడ్చాను.