శారమ్మ చదువు, ప్రమీలమ్మ మాట

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ప్రాంతంలో, రెంజల్ వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక ఉపకేంద్రంలో శారమ్మ ఏఎన్ఎంగా పనిచేసేది. టీకాలు వేయడం, కాన్పులు చేయడం, గర్భిణులను కనిపెట్టి ఉండడం ఆమె విధులు. ఊరివారందరికీ ఆమె నర్సమ్మ. అయితే ఆసుపత్రి వార్డులో తెల్లటోపీతో నిలబడే స్టాఫ్ నర్సు వేరు, ఎండలో టీకాల డబ్బా మోసుకుని తిరిగే ఏఎన్ఎం వేరు. ఆ తేడా ఊరికి తెలియకపోయినా శారమ్మకు తెలుసు.

ఎలా తెలిసిందో చెప్పవలసి ఉన్నది. ఒకసారి ఈరవ్వ అనే కూలీ స్త్రీకి కాన్పు కష్టమైతే, శారమ్మ ఆమెను చెరుకు ట్రాక్టరులో పడుకోబెట్టుకుని పట్టణంలోని పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. దారి పొడవునా ఈరవ్వ ఆమె చెయ్యి వదలలేదు. కాన్పుల గది గడప దగ్గర అక్కడి నర్సు శారమ్మను ఆపి, ఏఎన్ఎంలు బయటనే ఉండాలని చెప్పింది. ఈరవ్వ బతికింది, బిడ్డ దక్కలేదు. తాను లోపల ఉంటే దక్కేదని శారమ్మ ఎన్నడూ అనలేదు. ఆ గడప దాటే అర్హత సంపాదించాలని మాత్రం ఆ రోజే నిశ్చయించుకుంది.

అందుకు ఒక్కటే మార్గం. సర్వీసులో ఉన్న ఏఎన్ఎంలు పరీక్ష రాసి నెగ్గితే, మూడేళ్ల నర్సింగు శిక్షణకు పంపి, ఆపైన స్టాఫ్ నర్సుగా తీసుకునేవారు. తొంభైల మొదట్లో మా ప్రాంతానికి ఒక్క సీటు వచ్చింది. ఆ యేడు దాటితే శారమ్మకు వయోపరిమితి దాటిపోతుంది. మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉత్తరాలకు శుద్ధ ప్రతులు రాసే పని నాది గనుక కార్యాలయంలో జరిగినది స్వయంగా చూసి రాస్తున్నాను. తక్కినది శారమ్మ, ఆమె భర్త సీమోను చెప్పగా విన్నది.

పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. శారమ్మ తెలుగు మాధ్యమంలో పదో తరగతి వరకు చదివిన మనిషి. అయినా ఆమెకు తనదైన ఒక చదువు పద్ధతి ఉండేది. ఆమె తల్లి నర్సవ్వ బీడీలు చుట్టేది. బీడీలు చుట్టే ఆడవారు గుంపుగా కూర్చున్నప్పుడు చదువు వచ్చిన ఒకరు కథల పుస్తకమో, వార్తాపత్రికో పైకి చదివేవారు. చదివే మనిషి వాటా బీడీలను మిగిలినవారు తలా కొన్ని చుట్టి ఆమె చాటలో వేసేవారు. చిన్ననాట శారమ్మ అలా చదువుతుంటే తల్లి చాట నిండేది. పెద్దయ్యాక ఉపకేంద్రం పక్క అరుగు మీద అదే పద్ధతిని తిరిగి మొదలుపెట్టింది. ఈసారి కథలకు బదులు శరీర నిర్మాణ శాస్త్రం.

"మూత్రపిండమంటే గిట్ల సూడు లక్ష్మవ్వా," అని ఒక మధ్యాహ్నం మొదలుపెట్టింది. "ఫ్యాక్టరీల చెరుకు రసం వడగడ్తరు గదా, నెత్తురు గట్లనే అండ్ల వడగట్టుకపోతది. పనికొచ్చేది మళ్ల లోపలికి, చెత్త బయటికి."

లక్ష్మవ్వ ఆ అరుగుకు పెద్ద. నోట్లోని దారపు ముక్క తెంపి, "అంటే నా నడుముల ఫ్యాక్టరీ ఉన్నదంటవు," అన్నది. "మరి సీజన్ ఎప్పుడు బంద్ అయితది?"

"నువ్వు బంద్ అయిన్నాడు."

అరుగంతా నవ్వింది. మరునాడు లక్ష్మవ్వ ఆ పాఠాన్ని తప్పు లేకుండా తిరిగి చెప్పగలిగితే అది వచ్చినట్టు; చెప్పలేకపోతే శారమ్మకు కూడా రానట్టే లెక్కించి మళ్లీ చదివేది. ప్రతి రోగాన్నీ ఊరిలో ఒక మనిషికి ముడివేసి గుర్తుంచుకునేది. రక్తహీనత అంటే తెల్లబడిన ఈరవ్వ కనురెప్పలు. ఉబ్బసం అంటే ఫ్యాక్టరీ బూడిదలో పనిచేసి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునే లింగం భుజాలు. ప్రశ్న చదవగానే ముందు ఆ మనిషి కళ్ల ముందుకు రావాలి, తరువాత జవాబు దానంతట అదే వస్తుందని ఆమె చెప్పేది.

ఇంగ్లీషు పేర్ల దగ్గర మాత్రం ఆమె ఆగిపోయేది. అక్కడ ప్రమీలమ్మ అవసరమైంది. ప్రమీలమ్మ పక్క ఉపకేంద్రపు ఏఎన్ఎం, నిజామాబాద్ పట్టణం నుంచి వచ్చినది, ఇంటర్ చదివినది, వయస్సులో చిన్నది. ఆమె పురిటి సెలవులో ఉన్నంతకాలం ఆమె ఉపకేంద్రాన్ని కూడా శారమ్మే నడిపింది. ఇద్దరూ ఆ పరీక్షకే దరఖాస్తు చేశారు. నెలసరి సమావేశం ముగిశాక కార్యాలయ వరండాలో, టీకాల ఫ్రిజ్ పక్కన కూర్చుని చదువుకునేవారు. ప్రమీలమ్మ పొడుగాటి ఇంగ్లీషు పేరును రెండుగా విరిచి, ఏ ముక్కకు ఏ అర్థమో చెప్పేది. శారమ్మ ఆ పేరుకు తగిన రోగిని చూపించేది.

"నీ దగ్గర్నే నేను అసలు నర్సునైతున్న అక్కా," అని ప్రమీలమ్మ అనడం నేను విన్నాను. "పుస్తకంల ఉన్నది నాకు వస్తది, మనిషిల ఉన్నది రాదు."

ఇక్కడ ఒక కార్యాలయ నియమాన్ని వివరించాలి. ఏఎన్ఎం ఎవరైనా ఎక్కడికైనా వెళ్లాలంటే, పక్క ఉపకేంద్రపు ఏఎన్ఎం ఆమె పనిని చార్జి తీసుకోవాలి. చార్జి తీసుకున్నట్లు సంతకం పడనిదే డాక్టరు గారు ఉత్తర్వు ఇచ్చి పంపరు. శారమ్మకు మరొక పక్కన ఉన్న ఉపకేంద్రంలో పోస్టు ఖాళీగా ఉండింది; ప్రమీలమ్మకు అటు పక్కన వేరే ఉపకేంద్రమే లేదు. అంటే ఆమెకు ప్రమీలమ్మ, ప్రమీలమ్మకు ఆమె తప్ప వేరే దిక్కు లేదు.

పరీక్షకు వెళ్లే ముందు వరండాలో ప్రమీలమ్మే ఆ మాట ఎత్తింది. "మనిద్దర్ల ఎవలకొచ్చినా ఇంకొకలు చార్జి తీసుకోవాలె. నా బిడ్డ మీద ఒట్టు అక్కా."

"బిడ్డ మీద ఒట్టెందుకు పెడ్తవు? మాట చాలదా?" అని శారమ్మ కోప్పడింది. ఆ బిడ్డను పురిట్లో మొదట ఎత్తుకున్నది తానే.

మా కార్యాలయంలో చార్జి విషయం ముందుగా ఎవరూ రాతపూర్వకంగా అడిగేవారు కాదు. జాతరలకు, పెళ్లిళ్లకు, పురుళ్లకు ఏఎన్ఎంలు ఒకరి పని ఒకరు నోటిమాట మీదనే చూసుకునేవారు. సంతకం తరువాత పడేది. శారమ్మ కూడా ఆ అలవాటునే నమ్మింది.

ఫలితాలు వచ్చాయి. మొదటి పేరు శారమ్మది. రెండవది ప్రమీలమ్మది. శారమ్మ గడువులోగా చేరకపోతే సీటు రెండవ పేరుకు పోతుంది. అరుగు మీద ఆ రోజు బీడీలు చుట్టడం ఆగిపోయింది. సీమోను పెట్టె కొని తెచ్చాడు. చర్చిలో ఆమె కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు.

శారమ్మ ఉత్తర్వు కోసం వచ్చిన ఉదయానికే ప్రమీలమ్మ అస్వస్థత సెలవుపై వెళ్లినట్లు వైద్యుని సర్టిఫికెట్ కార్యాలయానికి చేరింది.

"పక్క సెంటరు కూడా ఖాళీ అయినప్పుడు నిన్నెట్ల పంపాలె శారమ్మా?" అన్నారు డాక్టరు గారు. "చెరుకు కొట్టేటోళ్ల గుడిసెలల్ల తట్టు లేచింది. ఆమె వచ్చి సంతకం పెడితే ఈ పూటనే పంపుత."

శారమ్మ బస్సెక్కి నిజామాబాద్ వెళ్లింది. ప్రమీలమ్మ తన భర్త దుకాణం ముందు కూర్చుని బిడ్డకు అన్నం తినిపిస్తున్నది.

"జ్వరమా?" అని అడిగింది శారమ్మ.

"నడుము నొస్తున్నదక్కా. డాక్టరు లేవొద్దన్నడు."

"ఒక్క సంతకం ప్రమీలా. పెట్టి మళ్ల పండుకో. గుడిసెలకు పోయి సూదులన్నీ ఏసే పోత."

"మా ఆయన వద్దంటుండు. రెండు సెంటర్లు నాతోని కావు."

"నీ పురిటప్పుడు రెండూ నాతోని అయినయి గదా."

ప్రమీలమ్మ బిడ్డ మూతి తుడిచింది. తరువాత మెల్లగా, "నువ్వు పెద్దదానివక్కా," అన్నది. "నర్సువైనా ఎన్నేండ్లు చేస్తవు? నాకు ముందట శానా ఉన్నది."

అప్పుడు శారమ్మకు నొప్పి ఎక్కడున్నదో అర్థమైంది. మంచినీళ్లు ఇస్తానంటే తాగకుండా బస్టాండుకు నడిచింది. గడువు ముగిసేవరకు గుడిసెలలో తట్టు సోకిన పిల్లలను చూసుకుంటూ గడిపింది. గడువు ముగిసిన తరువాత ప్రమీలమ్మ నడుము నయమైంది.

సీటు ఆమె పేరుకు మారినట్లు ఉత్తరం వచ్చింది. ఇప్పుడు ఆమె వెళ్లాలంటే పక్క ఉపకేంద్రం వారు చార్జి తీసుకోవాలి. డాక్టరు గారు ఇద్దరినీ పిలిపించారు. నేను ఉత్తర్వు ప్రతులతో అక్కడే నిలబడి ఉన్నాను. డాక్టరు గారు శారమ్మ ముఖం చూడకుండా, "నీ ఇష్టం. నిన్ను బలవంతపెట్టను," అన్నారు.

ప్రమీలమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"మాటిచ్చిన సార్," అన్నది శారమ్మ. "ఎవలకొచ్చినా ఇంకొకలు తీసుకోవాలెనని." సంతకం చేసి, కలం మూత పెట్టి నాకు అందించింది.

"అక్కా..." అన్నది ప్రమీలమ్మ.

"నీ సెంటరు తాళంచెవి ఇయ్యి," అన్నది శారమ్మ.

ఆ సాయంత్రం లక్ష్మవ్వ చాట పక్కకు నెట్టేసి ఆమెను తిట్టింది. "నీకు బుద్ధున్నదా? అది నీ గొంతు కోసె, నువ్వు దాని బరువు నెత్తికెత్తుకుంటివి! మేమంతా ఎందుకు చెవులొగ్గి విన్నమే? దాన్ని నర్సును చేసేటందుకా?"

పుస్తకాలు సీమోను అటక మీద పెట్టాడు. అరుగు మీద చదవడం ఆనాటితో ఆగింది. లక్ష్మవ్వ అప్పుడప్పుడు మూత్రపిండం పాఠం తనంతట తాను అప్పజెప్పేది. శారమ్మ లేచి లోపలికి పోయేది.

కొన్నేళ్ల తరువాత, ఈరవ్వ చెల్లెలు సాయవ్వకు నొప్పులు ఆగి ఆగి వస్తుంటే, శారమ్మ ఆమెను ఆటోలో అదే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లింది. కాన్పుల గది తలుపు తీసినది ప్రమీలమ్మ. తెల్లటోపీ పెట్టుకుని ఉన్నది. కొంచెం లావెక్కింది.

"అక్కా, బాగున్నవా? బిడ్డ బడికి పోతున్నది," అన్నది. శారమ్మ సాయవ్వను పట్టుకుని అడుగు ముందుకు వేయగా, ప్రమీలమ్మ చూపు నేలకు దించి, "నువ్వు ఈడ్నే ఉండాలె. రూల్ ఉన్నది," అన్నది.

శారమ్మ గడప ఇవతలే ఆగింది. నొప్పులు ఎప్పుడు మొదలైనవి, బిడ్డ ఏ తీరున ఉన్నది, వచ్చే దారిలో ఏ సూది వేసినది, అన్నీ వరుసగా, పరీక్షలో రాసినట్టే చెప్పింది. పిమ్మట తన మణికట్టును పట్టుకున్న సాయవ్వ వేళ్లను ఒక్కొక్కటే విడదీసి, ఆ చేతిని ప్రమీలమ్మ చేతిలో పెట్టింది.

"ఈమెనన్న చార్జి తీసుకో," అన్నది.