నూనె డబ్బాల్లో గునుగు పూలు

జగన్మాతా, గౌరీ, నీకు జయం. ఎవరూ విత్తని పువ్వుకు కూడా రంగు అద్ది నిలబెట్టే తల్లివి. రాతి సందులో గడ్డిపోచకు దారి చూపిస్తావు, మేడ గోడ పగులులో మొలకకు నీళ్ళు అందిస్తావు. ఈ నాలుగు మాటలూ నీ పాదాల దగ్గర పెట్టి మొదలుపెడుతున్నాను.

నేను పాలమూరు పల్లె నుంచి బొంబాయి కామాటిపురాకు కోడలిగా వచ్చింది ఎనభైల మొదట్లో, ఒక వేసవిలో. మా నాన్న భజన గురువు. పురాణం వింటూ, తాళాలు వాయిస్తూ పెరిగాను కాబట్టి బొంబాయి అంటే భయపడలేదు. దేవుడు లేని ఊరు ఉంటుందా అనుకున్నాను. వచ్చి చూస్తే మా చాల్‌లో, అంటే వరుస గదుల అద్దె మేడలో, కింది గదిలోనే శనివారం శనివారం తెలుగు భజన! పైన మాకు ఒక్క గది, దాని ముందు అందరూ నడిచే సన్నని గ్యాలరీ. ఇంట్లో మా వారు, అత్తమ్మ, నేను.

మా వైపు కొత్త పెళ్ళికూతురు మొదటి బతుకమ్మను పుట్టింట్లో ఆడాలి. తల్లి పూలు పేర్చి చేతికిస్తే కూతురు ఎత్తుకోవాలి. ఆ ఏడు నాకు ఆ భాగ్యం లేదని వానలకు ముందే తేలిపోయింది. మా వారిది కట్టడాల పని. వానలు తగ్గగానే ఆగిన స్లాబులన్నీ ఒక్కసారి మొదలవుతాయి, మేస్త్రీ ఎవరినీ కదలనివ్వడు. నన్ను ఒంటరిగా అంత దూరం ఎవరు పంపుతారు?

"ఈడనే ఆడుదువు తియ్యి. బతుకమ్మకు బొంబాయి తొవ్వ తెల్వదా?" అంది అత్తమ్మ.

"ఈడ గునుగు దొర్కుతదా అత్తమ్మా?"

మా పక్కనున్న ఫాక్‌లాండ్ రోడ్డు మీదికి బంతిపూలు బుట్టలు బుట్టలుగా వస్తాయి. గునుగు ఎవరు తెస్తారు? మా ఊళ్ళో అది జొన్నచేలో కలుపు. దాన్ని ఎవరూ విత్తరు, ఎవరూ కొనరు. పండగనాడు పిల్లలు పరుగెత్తి మోపులు మోపులుగా కోసుకొస్తారు. భగవంతుడు పువ్వు పేరు అడగడని, మనసు చూస్తాడని మా నాన్న వెయ్యిసార్లు చెప్పాడు. తలకెక్కింది గాని మనసు ఒప్పుకోలేదు. తల్లి ఎలాగూ పక్కన లేదు, గునుగు కూడా లేకపోతే అది నా మొదటి బతుకమ్మ ఎలా అవుతుందని లోపల ఒకటే పోరు.

అత్తమ్మ నా ముఖం చూసింది. "దొర్కకుంటె పండిద్దాం" అంది.

ఊరి నుంచి బస్సులో వస్తున్న చుట్టం చేత మా అమ్మ గుడ్డముక్కలో గునుగు గింజలు కట్టి పంపింది. కలుపు గింజలు అడిగిన కూతురికి బొంబాయి నీళ్ళు పడలేదేమోనని బెంగ కూడా పెట్టుకుందట. నూనె డబ్బాలు, చిల్లు పడ్డ బకెట్, మూత ఊడిన ట్రంకు పెట్టె గ్యాలరీలోకి చేరాయి. మా వారు పునాది తవ్విన చోటి నుంచి సంచిలో ఎర్రమట్టి మోసుకొచ్చారు. బర్రెల తబేలా నుంచి పేడ ఎరువు నేనూ అత్తమ్మా తెచ్చాం. మొదటిసారి చల్లిన గింజలు వానకు కుళ్ళిపోయాయి. డబ్బాల అడుగున మేకుతో చిల్లులు పొడిచి, పైన ప్లాస్టిక్ కాగితం కట్టి మళ్ళీ చల్లాం. ఈసారి మొలిచాయి. దాంతోపాటు చిల్లుల్లోంచి నీళ్ళు కిందింట్లో అందరం మౌషి, అంటే పిన్ని, అని పిలిచే మరాఠీ ఆమె నెత్తి మీద పడటం కూడా మొదలైంది.

"ఏ బాయీ! పానీ గిర్తా హై!" అని కింద నుంచి ఆమె కేక.

"గంగా హై మౌషీ, గంగా! పుణ్య మిలేగా!" అని పై నుంచి అత్తమ్మ.

"గంగా ఇత్నీ కాలీ?" అంది ఆమె. గంగ అంత నల్లగా ఉండదు మరి. ఆ సాయంత్రమే డబ్బాల కింద సత్తు పళ్ళేలు పెట్టాం.

శ్రావణం వచ్చేసరికి మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. అప్పుడే ధారావిలో చిన్న కొడుకు దగ్గర ఉండే మా అవ్వ, అంటే అత్తమ్మకు అత్త, మా ఇంట్లో కొన్నాళ్ళు ఉందామని వచ్చింది. ముసలామెకు అందరి మీదా ప్రేమే. కొత్త కోడలినని నా మీద ఇంకొంచెం ఎక్కువ.

ఒక శనివారం నేనూ అత్తమ్మా భజన ముగించుకుని పైకి వచ్చేసరికి గది నిండా వెల్లుల్లి పోపు వాసన. అవ్వ నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది. పప్పులో ఏదో ఆకుకూర. మొదటి ముద్దకే నాకు మా అమ్మ వంటిల్లు కళ్ళ ముందుకు వచ్చింది.

"ఏం కూర అవ్వా ఇది? మా అమ్మ వండినట్టే ఉంది."

"గునుగాకు బిడ్డా. లేతగ ఉన్నప్పుడే తినాలె."

అత్తమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. "గునుగు ఏడ దొర్కిందత్తా?"

"ఏడనో ఎందుకు? బైట డబ్బాల్ల పెంచిండ్రు గద!"

ఇద్దరం గ్యాలరీలోకి పరుగెత్తాం. ఒక్క మొక్కకూ తల లేదు.

"ఒక్క చెట్టన్న ఇడిసిపెట్టకపోతివి అత్తా!"

"ఇడిసిపెడ్తె నలుగురికి కూర సాలద్దా?"

"అది కూరకు కాదు, పువ్వులకు! పిల్ల బతుకమ్మకు!"

అవ్వ నమ్మలేదు. "పువ్వు కోసం గునుగు నాటుతరా ఎవరన్న? చేను నిండ ఉంటది గద పువ్వు!"

"ఏ చేను అత్తా? ఇది బొంబాయి."

అవ్వ కటకటాల మీదుగా కిందికి చూసింది. వీధిలో గొడుగులు, టాక్సీలు, తోపుడు బండ్లు. "గంతే గద" అంది మెల్లగా.

నాకు ఏడుపు ఆగలేదు. పండగ ఎంతో దూరం లేదు. అత్తమ్మ నా భుజం తట్టి, "డబ్బాల మీద ఏడువకు. ఉప్పునీళ్ళు పడితె ఉన్న మోళ్ళు గూడ సస్తయ్" అంది. మళ్ళీ తనే, "కూరైతె మంచిగనే ఉన్నట్టుంది?" అని అడిగింది. ఏడుస్తూనే నవ్వాను. అన్నం పరబ్రహ్మం కదా, ముగ్గురం కూర్చుని ఆ పప్పు మిగలకుండా తిన్నాం. ఆ సంధ్యవేళ దీపం ముందు మాత్రం గౌరీ తల్లిని మొహమాటం లేకుండా అడిగాను: ఓర్పు వద్దు, పువ్వులే కావాలి.

శ్రావణం ముగిసినా అవ్వ ధారావికి పోలేదు. తీసుకుపోవడానికి వచ్చిన చిన్న కొడుకును, "నా చెట్లు ఇడిసిపెట్టి యాడికస్తరా?" అని గదమాయించి పంపేసింది. పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్ళు పోసేది. ఎండ ఏ వైపు పడితే ఆ వైపుకు డబ్బాలు తిప్పేది. పావురాలను తిట్టేది, కొంగు తగిలించుకుంటూ పోయే ఆడవాళ్ళను ఇంకా గట్టిగా తిట్టేది.

తుంచిన చోట్ల కింద, ప్రతి ఆకు మొదట్లో ఒక చిగురు పొడిచింది. చిగుళ్ళు కొమ్మలయ్యాయి. భాద్రపదం చివరికి ఒక్కో మొక్క చీపురుకట్టలా గుబురు కట్టింది, ప్రతి కొమ్మ కొసనా తెలుపూ గులాబీ కలిసిన గునుగు. ఊరి గునుగంత పొడుగు లేదు, చిటికెన వేలంత. కాని ఎన్ని! మౌషి కింది నుంచి తలెత్తి చూసి, తిట్టడం మరిచిపోయి, తన దేవికి రెండు కొమ్మలు అడిగింది.

"తల తుంచితెనే గిన్ని వచ్చినయ్" అంది అత్తమ్మ ఆశ్చర్యంగా.

"తెల్సే తుంచిన" అంది అవ్వ, ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా. "మీకు సెప్తె ఆగుతరా?"

అవ్వకు తెలుసో తెలియదో గాని, తుంచిన చేతిని నడిపిన తల్లికి తెలుసు. అది నా విశ్వాసం.

పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, గునుగు కాడలు పొట్టిగా ఉండటంతో మధ్యమధ్య బంతిపూల వరుసలు వేయాల్సి వచ్చింది. బతుకమ్మ కొంచెం బొద్దుగా, పొట్టిగా తయారైంది. "అచ్చం అవ్వ లెక్కనే ఉంది" అన్నారు మా వారు. పేర్చినంతసేపూ అవ్వ ఇంకెవరినీ పళ్ళెం ముట్టనివ్వలేదు. చాల్ ఆడవాళ్ళంతా కింద వాకిట్లో పాటకు సిద్ధంగా నిలబడ్డారు. నేను వంగి పళ్ళెం ఎత్తుకోబోతే అవ్వ ఆపింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, రెండు చేతులా పళ్ళెం ఎత్తి నా ఎదురుగా నిలబడింది.

"ఆడ నీ తల్లి పేరుస్తుంటది. ఈడ నేను పేర్చిన. పట్టు బిడ్డా."

పట్టుకున్నాను.

చదువుతున్న అక్కలారా, అన్నలారా, ఒక్క క్షణం చేతులు జోడించండి. నాతో కలిసి అనండి: అమ్మా, ఈ పండక్కి పుట్టిల్లు చేరలేని ప్రతి ఆడపిల్ల ఎదుటా పూలు ఎత్తి అందించే ఒక తల్లిని నిలబెట్టు.