జమ్లి గీసిన తండా

జమ్లి పుట్టింది ఏన్కూరు దగ్గరి తండాలో. కాపురానికి వచ్చింది ములకలపల్లి అడవి అంచున ఉన్న తండాకు. భర్త హేమ్లా వెదురు కొట్టడానికి అడవిలోకి పోతే వారాల తరబడి తిరిగి రాడు. పిల్లలు కలగలేదు. తెల్లవారుతూనే రెండు బిందెలతో వాగుకు పోవడం, ఇసుకలో చెలమ తీసి నీళ్లు ఊరేదాకా కూర్చోవడం, ఎండెక్కేలోగా ఇల్లు చేరడం. పదిహేడేళ్లుగా ఆమె పొద్దు అట్లాగే మొదలయ్యేది. చెలమ పక్కన కూర్చునే ఆ కాసేపు మాత్రం ఆమెకు ఇష్టం. తడి ఇసుక మెల్లగా నల్లబడి, అడుగున ఒక మెరుపు పుట్టి, అది అరచేయంత అయ్యేవరకు ఆమె ఏమీ ఆలోచించేది కాదు.

1983 మార్చిలో, ఇప్పపూలు రాలే రోజుల్లో, బసవపున్నయ్య ఒక తెల్లమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయనది సత్తుపల్లి వైపు రైతు కుటుంబం. తండాల్లో బావులు తవ్వించే ఒక సంస్థలో పనిచేసేవాడు.

"జమ్లమ్మా, ఈ అమ్మాయిది హాలెండ్ దేశం. అక్కడ కాలేజీలో చదువుతోంది. ఊళ్లు ఎట్లా బాగుపడతాయో ఊళ్లల్లోనే ఉండి నేర్చుకోవాలంట. మూడు నెలలు మీ ఇంట్లో ఉంచుకుంటావా?"

"మా ఇంట్ల ఏమున్నది సారూ, నేర్చుకునెటందుకు?"

"ఆమెనే అడుగు."

ఆ అమ్మాయి హైదరాబాదులో కొన్నాళ్లు తెలుగు నేర్చుకుని వచ్చింది. నెత్తి మీది గంప దించినంత జాగ్రత్తగా ఒక్కో మాటా దించుతూ, "నేను నీళ్లు మోస్తాను," అంది. జమ్లికి నవ్వొచ్చింది. సరేనంది.

ఆమె పేరు రూత్. తండాలో ఆ పేరు ఎవరి నోటా తిరగలేదు. ముసలి పూలి "రూప్లి" అని పిలిచింది, అదే నిలిచిపోయింది. మొదటి వారం రూప్లి బిందె ఇంటికి చేరేసరికి సగమయ్యేది. తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద పూలు ఏరుతుంటే ఆ తీపి వాసనకు మత్తెక్కి, చెట్టు మొదట్లోనే చేరగిలబడి నిద్రపోయేది. ఒకరోజు పిల్లల దగ్గర నేర్చుకుని జమ్లిని "యాడీ" అని పిలిచింది. తండా భాషలో అమ్మా అని. జమ్లి లోపలికి పోయి, వెతకాల్సిందేమీ లేకపోయినా చాలాసేపు చాటలూ బుట్టలూ కదిలిస్తూ ఉండిపోయింది.

చెలమ దగ్గర ఇద్దరికీ మాటలు సాగేవి.

"మా నాయన పని నీళ్లు తోడి పారేయడం," అంది రూప్లి ఒకనాడు. "మా పొలాలు సముద్రం కంటే కింద ఉంటాయి. కట్ట కట్టి, మిషన్లతో నీళ్లు బయటికి తోడుతారు. ఆపితే ఊరు మునుగుతుంది."

"ఉప్పు నీళ్లా?"

"వాన నీళ్లు కూడా."

"తాగే నీళ్లను పారబోస్తరా?"

"అవ్, పారబోస్తరు," అంది రూప్లి, తప్పు చేసినదానిలా.

ఆ మధ్యాహ్నం వాకిట్లో కునుకు తీస్తుంటే జమ్లికి కల వచ్చింది. తండా మొత్తం నీళ్ల అడుగున ఉంది. గుడిసెల మీద నుంచి చేపలు మందలు మందలుగా పోతున్నాయి. తను మాత్రం పైన, రెక్కలు ఆడించకుండా తేలే గద్దలాగా, అన్నీ చూస్తోంది. ఏ ఇల్లు ఎక్కడుందో, ఏ దారి ఎటు తిరుగుతుందో అంతా ఒక్క చూపులో కనబడింది. లేచాక కూడా ఆ చూపు పోలేదు. పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చి, పేడతో అలికిన వాకిట్లో పోస్తూ పోయింది. ఇది వాగు. ఇది మా దారి. ఇక్కడ పూలి ఇల్లు.

రూప్లి గుమ్మంలో కదలకుండా నిలబడింది. తర్వాత మెల్లగా అడిగింది. "యాడీ, నీళ్లు ఎక్కడ ఉన్నాయి?"

జమ్లి వాగు వంపు దగ్గర ఒక మక్కగింజ పెట్టింది. "గీడ. మద్దిచెట్టు కింద. చలికాలంల మంచు అన్నిచోట్ల పోయినంక గూడ గాడ పోదు. ఎండకాలంల నడుస్తుంటే అరికాళ్లకు సల్లగ తగుల్తది."

ఆ మాట విని పూలి వచ్చింది, లాలి వచ్చింది, ఇంకో పదిమంది వచ్చారు. నీళ్లకు ఎవరు పోయే దారి వాళ్లు గీశారు. లాలి గీత పూలి ఇంటి పక్కగా పోతే "నువ్వు మా చేను తొక్కుకుంట పోతున్నవన్నట్టు" అని పూలి తగవు పెట్టుకుంది కూడా. సాయంత్రానికి వాకిలి నిండింది. దారులన్నీ పోయి పోయి ఆ వంపు దగ్గరే కలిశాయి. రూప్లి అదంతా కాగితం మీదికి ఎక్కించుకుంది.

సంస్థవాళ్లు బావిని తండా మొదట్లో, బాట పక్కన వేయాలని అప్పటికే అనుకున్నారు. తండా పెద్ద సోమ్లా నాయక్‌కీ అదే ఇష్టం. బసవపున్నయ్య వచ్చిన రోజున అందరూ జమ్లి వాకిట్లో చేరారు.

"బాట పక్కకుంటే సార్లకు కనబడ్తది," అన్నాడు సోమ్లా.

"బావి సార్లు చూసెటందుకా, మేం తాగెటందుకా?" అంది జమ్లి. మగవాళ్ల ఎదుట ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

బసవపున్నయ్య బూడిద గీతలు తొక్కకుండా చుట్టూ తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు. "నేను మూడేళ్లుగా ఈ తండాకు వస్తున్నాను. నాకు ఒక్క దారే తెలుసు," అన్నాడు చివరికి.

ఏప్రిల్‌లో మద్దిచెట్టు దగ్గర తవ్వకం మొదలైంది. ఆరు గజాల దాకా మెత్తగా దిగింది. ఏడో గజంలో జిగురుమన్ను తగిలింది, ఆ కింద రాయి. మూడు వారాలు రాయే. సోమ్లా ఏమీ అనలేదు, కానీ రోజూ వచ్చి గట్టు మీద కూర్చుని పోయేవాడు. దానికన్నా ఏదైనా అంటేనే నయమనిపించేది జమ్లికి.

"పడకపోతే ఎట్ల బిడ్డా? నా మాట వట్టుకోని ఊరంత తవ్విండ్రు."

"నాకు తెలియదు యాడీ," అంది రూప్లి. చదువుకున్న పిల్ల తెలియదని అంత తేలిగ్గా చెప్పడం జమ్లికి ఎందుకో ధైర్యమిచ్చింది.

జూన్ మొదటి వారంలో రూప్లి వెళ్లే రోజు వచ్చింది. నీళ్లు పడలేదు. జమ్లి ఆమెతో బస్సు ఆగేచోటు దాకా నడిచింది. బస్సెక్కే ముందు రూప్లి తన రెండు చేతులతో జమ్లి చేయి పట్టుకుని నుదుటికి ఆనించుకుంది. బస్సు కదిలాక దుమ్ములో ఆ తెల్లటి చేయి ఊగుతూ ఊగుతూ దుమ్ములోనే కలిసిపోయింది.

ఆ తర్వాత అయిదో రోజున రాయి పగిలింది. నీళ్లు సన్నగా, పాము పాకినట్టు వచ్చి, పొద్దు గూకేసరికి మోకాలి లోతు నిలిచాయి. బసవపున్నయ్య రూప్లికి ఉత్తరం రాశాడు. వానాకాలం పోయాక జవాబు వచ్చింది. దాంట్లో ఒక ఫోటో: చదునైన పచ్చటి నేల, పొడవాటి కట్ట, దాని మీద టోపీ పెట్టుకున్న ముసలాయన. ఉత్తరాలు కొన్నేళ్లు నడిచి, మెల్లగా ఆగిపోయాయి. రూప్లి మళ్లీ రాలేదు. జమ్లి అందుకు బాధపడినట్టు ఎవరూ చూడలేదు.

బసవపున్నయ్య జమ్లిని వేరే ఊళ్లకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. 1994 దాకా, తండాలూ కోయ గూడేలూ కలిపి పంతొమ్మిది చోట్ల ఆడవాళ్లను వాకిట్లో కూర్చోబెట్టి వాళ్ల ఊరు వాళ్లచేత గీయించింది. భాష రాని చోట గింజలతో, వేళ్లతో మాట్లాడేది.

వాటిలో రెండు చోట్ల తవ్విన బావిలో నీళ్లు పడలేదు. రెండో ఊరు భద్రాచలం దారిలో ఒక చిన్న గూడెం. సంస్థవాళ్లు కబురు పంపుతామన్నా వినక, జమ్లి తానే పోయి చెప్పింది. "నా అంచనా తప్పింది. మీ కష్టం పోయింది." గూడెం ఆడవాళ్లలో పెద్దామె లేచి చాప పరిచి, "ఎండల నడిచి వచ్చినవు. ముందుగాల అంబలి తాగు," అంది.

జమ్లి ఆ రోజంతా అక్కడే ఉంది. మధ్యాహ్నం వాళ్లతో కలిసి వాగుకు పోయి, వాళ్ల చెలమ పక్కన కూర్చుని, నీళ్లు ఊరేదాకా చూసింది.